చిన్న గుట్ట దగ్గర నీళ్లు ఎటు పోతాయి

ఈ పనిలోకి వచ్చే పిల్లలు లెక్కలు నేర్చుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అడిగే ప్రశ్న అది: "నువ్వు చేసే పనేంది?" నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మా నాయిన మేడ్చల్‌లోని తన సైకిల్ షాపులో కూర్చుని నా తరఫున జవాబు చెబుతూ వచ్చాడు.

"మా సుగుణ సముద్రం కింద నీళ్లు ఎట్ల తిరుగుతయో లెక్క గడ్తది" అనేవాడు.

ఎదుటివాడు, "సముద్రంల నీళ్లుంటయి గాని, సముద్రం కింద నీళ్లేందే?" అనేవాడు.

నాయిన పంక్చరైన ట్యూబును తొట్టిలో ముంచుతూ, "గా లెక్కకే జీతమిస్తున్రు మరి" అని ముగించేవాడు.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. నాయిన లేడు. షాపు ఉన్నచోట మొబైల్ ఫోన్ల దుకాణం వచ్చింది. ఆ జవాబు ఇక నేనే చెప్పుకోవాలి కాబట్టి, ఈ పనిలోకి వచ్చే మీకోసం రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వాటిలో ఓపిక తప్ప నేర్చుకునేది నాకేమీ కనబడలేదు.

సముద్రం అడుగు మూత వేసినట్టు ఉండదు. బురద పొర కింద నల్లరాయి, ఆ రాయి నిండా పగుళ్లు. సముద్రపు నీరు ఆ పగుళ్లలోకి దిగుతుంది, లోపలి వేడి తగిలి తేలికవుతుంది, ఇంకోచోట పైకి వస్తుంది. ఎసరు పెట్టిన గిన్నెలో నీళ్లు అడుగున కాగి పైకి లేవడం అందరూ చూసిందే. మా గిన్నెలో నీళ్లకన్నా రాళ్లు ఎక్కువ, అంతే తేడా. కొన్నిచోట్ల ఈ నీరు బాగా కాగి నల్లటి పొగలా ఎగదన్నుతుంది. టీవీ వాళ్లు చూపించేది దాన్నే. నేను పనిచేసిన నీళ్లు అవి కావు. నావి గోరువెచ్చనివి, నెమ్మదైనవి, ఫొటోకు పనికిరానివి. అవి ఉన్నాయని కూడా మేము చూసి తెలుసుకోలేదు. బురదలో దించిన థర్మామీటరు, ఉండాల్సిన వేడికన్నా తక్కువ చూపించింది. అంటే ఆ వేడిని కింద ఏదో మోసుకుపోతోంది. మోసుకుపోయేది నీరే. అది ఎక్కడ దిగుతోంది, ఎక్కడ బయటపడుతోంది అని కంప్యూటర్లో మోడల్ కట్టి చూడటమే నా ఉద్యోగం.

ఆలోచిస్తే నాయిన పనీ అలాంటిదే. ట్యూబును ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసేవాడు. ఆయన ముందు తొట్టి ఉండేది, చేత్తో తడిమి చూసుకునేవాడు. నాకు ఆ భాగ్యం లేదు.

నీళ్లు చెప్పడం

మా మొదటి పెద్దసారు విశ్వనాథం గారు. సముద్రపు ఒడ్డు ఊళ్లో పుట్టిన మనిషి. వయసులో ఉండగా ఓడల మీద తిరిగారు. పొగడ్త ఆయన నోట వినడం కష్టం, తిట్టు మాత్రం ధారాళంగా వచ్చేది. నేను ఆయన గదిలో అడుగుపెట్టిన రోజు అడిగిన మొదటి ప్రశ్న, "ఏమ్మా, సముద్రం ఎప్పుడైనా చూశావా?" లేదన్నాను. "మంచిది. ఒడ్డున నిలబడి చూసినవాళ్లకు అలలు తప్ప ఇంకేం గుర్తుండదు" అన్నారు. ఓదార్పు అనుకున్నాను. కాదు, ఆయన నిజంగానే అలా అనుకునేవారు.

ఆ గదిలో ఆయన పెట్టిన ఆచారం ఒకటి ఉండేది. ఎవరి మోడల్ అయినా సరే, కంప్యూటరుకు ఇచ్చే ముందు బోర్డు ముందు నిలబడి నీళ్లు చెప్పాలి. అంటే తానే నీటిచుక్క అనుకుని, దిగిన దగ్గర్నుంచి బయటపడేదాకా దారంతా చెప్పాలి. ఇక్కడ దిగాను, ఇక్కడ వేడెక్కాను, ఇటు తిరిగాను, ఎందుకు తిరిగానంటే... ఆ "ఎందుకు" దగ్గర తడబడితే చాక్‌పీసు లాక్కుని కూర్చోబెట్టేవారు. పెద్ద చదువులు చదివి, గడ్డాలు పెంచిన వాళ్లు కూడా అక్కడ నిలబడి "నేను నీటిని" అని మొదలుపెట్టాల్సిందే.

మొదటిసారి నేను సిగ్గుపడుతూ, "నీరు ఇక్కడ కిందికి దిగుతుంది సార్" అన్నాను.

"నీరెవరు? నువ్వు దిగు" అన్నారు.

ఇదంతా పిల్లలాట అని తిట్టుకున్నాను. ఇప్పుడు మీకు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, బొమ్మ దానంతటదే గీస్తుంది, ఎవరూ నోరు తెరవక్కర్లేదు. అయినా చెబుతున్నాను, ఈ ఆచారం వదలకండి. నోటితో చెప్పలేని దారి మోడల్లో కనిపించిందంటే, అక్కడ మీరు ఏదో తెలియకుండా పెట్టి ఉంటారు.

ఓడ తిరిగిన చోటు

హిందూ మహాసముద్రం అడుగున ఒక బురద మైదానం ఉంది. దాని మధ్యలో ఒక పెద్ద రాతిగుట్ట బురదను చీల్చుకుని పైకి నిలబడింది. విశ్వనాథం గారు ఎక్కిన ఓడ ఆ గుట్ట చుట్టూ థర్మామీటర్లు దించింది. గుట్ట దగ్గరికి వెళ్లేకొద్దీ బురద చల్లబడుతూ వచ్చింది. అంటే పైనున్న చల్లటి నీరు అక్కడ లోపలికి దిగుతోంది. అక్కడినుంచి దక్షిణంగా కొంతదూరం కొలుచుకుంటూ వెళ్లారు, ఈలోగా వాతావరణం చెడింది, ఓడ వెనక్కి తిరిగింది.

నాకు వచ్చిన మొదటి పెద్ద పని ఆ కొలతలకు మోడల్ కట్టడం. కొలతలు ఉన్నంతమేర సముద్రం అడుగును మోడల్లో గళ్లుగా గీశాను. జవాబు ముచ్చటగా వచ్చింది. నీరు గుట్ట దగ్గర దిగుతుంది, రాతిలో దక్షిణంగా పోతుంది, కొసన మడత పడి వెనక్కి వస్తుంది. కొలిచిన వేడికీ, లెక్కలో వచ్చిన వేడికీ తేడా దాదాపు లేదు. నాకు గర్వం వచ్చేసింది. బోర్డు ముందు నిలబడి హుషారుగా నీళ్లు చెప్పుకుంటూ పోయాను. కొసకు వచ్చి, "ఇక్కడ వెనక్కి తిరిగాను" అన్నాను.

"ఎందుకు తిరిగావు?"

"ఇక్కడ హద్దు ఉంది సార్."

"సముద్రం అడుగున హద్దు ఎవరు కట్టారమ్మా?"

నేనే కట్టాను. మోడల్ ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, కొలతలు ఆగిన చోట ఆపాను. ఆపిన చోట నీరు దాటకుండా గోడ పెట్టాను. మా పనిలో అందరూ చేసేదే. పెట్టిన సంగతి మరిచిపోయి, నీరు అక్కడ తిరుగుతోందని నమ్మడం దానివెంట వచ్చే తప్పు.

విశ్వనాథం గారు తిట్టలేదు. బోర్డు దగ్గరికి వచ్చి నేను పెట్టిన గోడ మీద వేలు పెట్టారు. తర్వాత, "అక్కడ తిరిగింది మా ఓడమ్మా" అన్నారు. "ఓడ తిరిగితే నీళ్లెందుకు తిరుగుతాయి?"

గోడ తీసేశాను. వేరే ఓడలు గీసిన లోతుల పటం తెచ్చి చూస్తే, ఓడ తిరిగిన చోటుకి ఇంకా దక్షిణాన ఇంకో గుట్ట కనిపించింది. చిన్నది. ఎవరూ పేరు పెట్టలేదు, ఎవరూ థర్మామీటరు దించలేదు. దాన్ని కూడా కలిపి మోడల్ నడిపిస్తే, పెద్దగుట్ట దగ్గర దిగిన నీరు బురద కిందుగా అంతదూరం నడిచి, వెచ్చబడి, చిన్న గుట్ట దగ్గర బయటపడింది.

అది చూసిన రోజు నుంచి నా ఉద్యోగమంతా ఆ గుట్టే. మిగతా పనులు చేశాను, చేయలేదనను. కానీ నాకు తెలియాలనుకున్నది ఒక్కటే, ఆ చిన్న గుట్ట దగ్గర నిజంగా నీళ్లు బయటికి వస్తున్నాయా లేదా అని. గుట్టకు దగ్గరయ్యేకొద్దీ బురద వేడెక్కితే వస్తున్నట్టు. చల్లబడితే నా లెక్క తప్పినట్టు. ఓడ అటు వెళ్లి, థర్మామీటరు వరసగా దించితే తేలిపోయే సంగతి. ఆ ఓడలో నేనుండాలని కోరిక.

గది, మోకాళ్లు

ఓడ వాళ్లతో మాట్లాడతానని విశ్వనాథం గారు మాట ఇచ్చారు, మాట్లాడారు కూడా. "ఆడవాళ్లకు వేరే గది లేదంటున్నారు" అని చెప్పి, కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన గట్టిగా పోట్లాడి ఉండాల్సిందని నా అభిప్రాయం. పని విషయంలో అంత పట్టుదల ఉన్న మనిషి అక్కడ మెత్తబడ్డారు. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. "నిజమేనమ్మా" అన్నారు. ఆ తర్వాత ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

ఆయన తర్వాత వచ్చిన పెద్దసారుకు రంగుల బొమ్మలంటే ప్రాణం. వేడినీరు ఎర్రగా, చల్లనీరు నీలంగా కదులుతూ ఉండాలి, వచ్చిన అతిథులు "ఓహో" అనాలి. బోర్డు ముందు నీళ్లు చెప్పే ఆచారం ఆయన మాన్పించారు, అతిథులు నవ్వుతారని. నేను నా గది తలుపు వేసుకుని కొనసాగించాను. చిన్న గుట్ట ప్రస్తావన తెచ్చినప్పుడల్లా, "మోడల్ చెబుతోంది కదమ్మా, ఇంకా వెళ్లి చూసేదేముంది?" అనేవారు. వెళ్లి చూడాలన్న కోరిక పోయిన మనిషి ఈ పని చేయకూడదు. బొమ్మ ఎంత బాగుంటే అంత అనుమానించండి.

ఒకసారి మీటింగుకని సముద్రం ఉన్న ఊరికి వెళ్తూ నాయినను వెంట తీసుకెళ్లాను. ఆయన ప్యాంటు మడిచి మోకాళ్ల లోతుకు దిగి, చాలాసేపు నిలబడి, "గిదేనా నువ్వు లెక్కగట్టేది?" అన్నాడు.

"దీని కింద నాయినా."

"దీని మీదికే పంపలేదు నిన్ను, కిందిది ఎట్ల తెలుస్తది?"

నవ్వాను గానీ, ఆ మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు.

ఓడల్లో ఆడవాళ్లకు గదులు వచ్చేసరికి నాకు వయసు మీదపడింది. అప్పటికి వేరే సారు వచ్చారు, మంచివారు, నా పేరు పంపారు. వైద్యపరీక్షలో తాడునిచ్చెన ఎక్కమన్నారు. సగం ఎక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు చిన్నపిల్లాడు, మర్యాదగా చెప్పాడు. మొదట గది లేదు, గది వచ్చాక మోకాళ్లు లేవు. ఆ రోజు మేడ్చల్ బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను, ఇందులో దాచుకునేదేమీ లేదు.

నస్రీన్

నా దగ్గర చివరగా చేరిన అమ్మాయి నస్రీన్. శామీర్‌పేట దగ్గర లాల్‌గడి మలక్‌పేట్ వాళ్లది. వాళ్ల నాన్న ఖాజా భాయ్‌కి ఒకప్పుడు ద్రాక్షతోట ఉండేది. ఇప్పుడు చుట్టూ లేఅవుట్లు వచ్చాయి. తీగలు పోయినా పందిరి రాళ్లు అలాగే నిలబడి ఉన్నాయి, వాటి మధ్య ఆకుకూరలు వేస్తాడు.

నస్రీన్ మొదటిరోజు బోర్డు ముందు పుస్తకంలో ఉన్నట్టు నీళ్లు చెప్పబోయి ఆగిపోయింది. "మీ ఇంట్ల ఎట్ల మాట్లాడ్తవో అట్లనే చెప్పు" అన్నాను. చాక్‌పీసు చేతిలోకి తీసుకుని మొదలుపెట్టింది. "నేను నీళ్లను. మస్తు సల్లగున్న. గీ పగులు దొరికింది, సప్పుడు జేయకుంట దిగిన..." అంతే, ఇక ఆగలేదు. ఇంత బాగా నీళ్లు చెప్పినవాళ్లను విశ్వనాథం గారి కాలంలో కూడా వినలేదు.

ఆ అమ్మాయే ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడం, ఒకటి చెప్తే గుస్సా చేస్తరా?" అంది.

"చేస్త. అయినా చెప్పు."

"మీరు మోడల్ మొదలువెట్టేటప్పుడే చిన్న గుట్టను జర గరం పెట్టిన్రు. అందుకే నీళ్లు గాడికి పోయి బయటవడ్డయి. నేను సల్లగ వెట్టి మొదలువెట్టిన. నీళ్లు గా గుట్టల కూడ లోపలికే పోతున్నయి."

"బయటికెక్కడ వస్తున్నయి మరి?"

"ఇంకా దక్షిణం దిక్కు. గాడ బురద పల్చగున్నది. లోతుల పటంల గాడ సరిగ గీయలేదు మేడం, ఏమున్నదో ఎవ్వరికి తెల్వదు."

గుస్సా చేశాను. చాలా రోజులు ముఖం ముడుచుకునే తిరిగాను. ఆ అమ్మాయి కట్టిన మోడల్‌ను నేను మళ్లీ నడిపాను, తప్పు దొరుకుతుందేమోనని ఆశగా వెతికాను, దొరకలేదు. రెండు జవాబులూ నిలబడుతున్నాయి. ఎలా మొదలుపెడితే అలా ముగుస్తోంది. మోడల్ ఇక చెప్పగలిగింది ఏమీ లేదు. తేల్చాల్సింది థర్మామీటరే. నేను రిటైరైన కొన్నాళ్లకు, చిన్న గుట్ట మీదుగా ఒక ఓడ వెళుతోందని, అందులో నస్రీన్‌కు చోటు దొరికిందని తెలిసింది.

సంతోషించానని రాస్తే మీరు నమ్మవచ్చు గానీ, అది మొత్తం నిజం కాదు. కుళ్లుకున్నాను. ఆమె తాడునిచ్చెన చకచకా ఎక్కేసిందని విన్నప్పుడు నా మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాను. మర్నాడు బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను, ఇంట్లో వద్దంటారేమోనని, వద్దంటే పోట్లాడాలని. ఖాజా భాయ్ టీ పోయించి, "పోనీ మేడం, పోవాలె. నాకు ఒకటే పరేషాన్, ఫోన్ కలుస్తదా?" అన్నాడు. పోట్లాట అవసరం రాలేదు.

శుక్రవారం ఫోను

ఓడ నుంచి ఫోను శుక్రవారం నమాజు తర్వాత వచ్చేది, ఖాజా భాయ్ ఫోనుకే. ఆ రోజుల్లో ప్రతి శుక్రవారం నేను మేడ్చల్ నుంచి లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లేదాన్ని. ముందు వాళ్ల అమ్మ మాట్లాడేది. అన్నం తిన్నావా అని, "ఖానా ఖాయీ క్యా?" అనేది మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న కూడా అదే. తర్వాత నాన్న. మిగిలిన కొద్దిసేపు నాది. ఉపగ్రహం మీదుగా వచ్చే మాట కదా, ఒకరు అన్నది ఇంకొకరికి చేరడానికి కాస్త ఆలస్యం. ఆ ఆలస్యంలో ఓడ ఇంజను చప్పుడు వినిపించేది. దానికోసమే చెవి ఆనించి ఉండేదాన్ని.

గుట్ట దగ్గరికి చేరాక వచ్చిన శుక్రవారం, ఖాజా భాయ్ ఫోనును పడిపోయిన ఒక పందిరి రాతి మీద పెట్టి స్పీకర్ వేశాడు. నస్రీన్ అమ్మతో రెండు ముక్కలు మాట్లాడి, "మేడం ఉన్నరా?" అంది.

"ఉన్న. చెప్పు."

కాసేపు ఇంజను చప్పుడు. తర్వాత ఆమె కొలతలు చెప్పలేదు. "నేను నీళ్లను మేడం" అంది.

వాళ్ల అమ్మ నా మొహం చూసి స్టూలు తెచ్చి వేసింది.

"పెద్దగుట్ట కాడ దిగిన. బురద కిందికెల్లి మస్తు దూరం నడిసిన. చిన్న గుట్ట కాడికొచ్చిన. బయటవడ్తనేమో అనుకున్న మేడం, మీరు చెప్పినట్టు. గాని గుట్ట దగ్గరికి వొయ్యేకొద్ది సల్లగైతాంది. ఐదారు సోట్ల దించి చూసినం, సల్లగనే ఉన్నది. గీడ నేను బయటికొస్తలేను. పైకెల్లి ఇంకిన్ని సల్లటి నీళ్లు నాతోని కలిసి లోపలికే వస్తున్నయి." ఆగింది. "మేడం, వింటున్నరా?"

వింటూనే ఉన్నాను. ఇన్నేళ్లూ నేను నీళ్లు బయటికొస్తాయని ఎదురుచూసిన గుమ్మం, అవి లోపలికి వెళ్లే గుమ్మం. బాధ వేసింది. దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది, దానికి నా దగ్గర సరైన మాట లేదు. తెలిసింది, అంతే. చిన్న గుట్ట దగ్గర నీళ్లు ఎటు పోతాయో నాకు తెలిసింది. విశ్వనాథం గారు పోయారు, ఆయనకు చెప్పలేకపోయానే అనిపించింది. నాయినకు కూడా.

"వింటున్న బిడ్డా. తర్వాత?"

"తర్వాత దక్షిణం దిక్కు పోతున్న. గాడ ఏమున్నదో..." ఆమె గొంతు తగ్గింది. "మాకు ఇచ్చిన రోజులైపోయినయి మేడం. రేపు పొద్దుగాల ఓడ వెనక్కి తిరుగుతాంది. గీడికే ఆగిపోయిన."

ఖాజా భాయ్ ఫోను వైపు వంగి, "పరేషాన్ గాకు బేటా" అన్నాడు. నేను స్టూలు మీంచి లేచాను. పక్కన నిలబడి ఉన్న పందిరి రాయిని పట్టుకున్నాను. నేను ఆ ఓడ మీద లేను, ఇక ఎప్పటికీ ఉండను. ఆ మాట అప్పుడు స్పష్టంగా అర్థమైంది, అయినా నాకు ఇంకా దక్షిణానికి పోవాలనే ఉంది.

"నస్రీన్, ఓడ తిరగనీ. నీళ్లెందుకు తిరుగుతయి? నువ్వు చెప్పు, ఆగకు."

నా మాట ఆమెకు చేరడానికి పట్టే ఆలస్యం గడిచింది. ఇంజను చప్పుడు వినిపించింది. అప్పుడు ఆమె ఊపిరి పీల్చుకుని, "దక్షిణం దిక్కు పోతున్న మేడం" అని మళ్లీ మొదలుపెట్టింది. "బురద పల్చగైతాంది. జర జర గరమైతున్న..."

నేను కళ్లు మూసుకుని ఆమె వెంట వెళ్లాను.